లోపలివారు ఆరుగురు, బయటివారు ఒకరు

2023 ఆగస్టులో అమెరికా పత్రికల్లో ఒక అంకె మారుమోగింది. పార్శిల్ కంపెనీ యూపీఎస్ డ్రైవరుకు ఏడాదికి 1,70,000 డాలర్లట! జీతంతో పాటు ఆరోగ్య బీమా, పింఛను కూడా కలిపి, అదీ అయిదేళ్ల ఒప్పందం ముగిసేనాటికి అంత పడుతుందని కంపెనీ సీఈఓ కారల్ టోమే చెప్పిన లెక్క అది. ఆ వివరాలన్నీ ఎవరు చదువుతారు? ఈ కోడింగ్ మానేసి ఆ కంపెనీ గోధుమరంగు బండి ఎక్కితే పోలా అని టెక్ ఉద్యోగులు జోకులేసుకున్నారు. డాలస్, అట్లాంటా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో కూడా ఆ వార్త ఒక చుట్టు తిరిగే ఉంటుంది. కానీ ఆ బండి ఎక్కాలనుకున్నవాళ్లందరికీ సీటు దొరకదు. సీటు ముందు పెద్ద వరస ఉంది. ఆ వరసలో ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది కంపెనీ ఇష్టానికి వదిలేసినది కాదు, యూనియన్ ఒప్పందంలో రాసుకున్నది. చాలా ప్రాంతాల అనుబంధ ఒప్పందాల్లో ఆ లెక్క ఆరుకు ఒకటి. గోదాములో పెట్టెలు మోసే పార్ట్‌టైమ్ కార్మికులు ఆరుగురికి డ్రైవరు ఉద్యోగం ఇచ్చాకే ఏడో సీటుకు బయటివాడిని తీసుకోవాలి.

జీతం ఎంత పెరిగిందన్నది వార్త అవుతుంది. ఎవరిని ఏ తరగతిలో, ఎంతమందికి ఎంతమంది చొప్పున పెట్టుకోవచ్చన్నది వార్త కాదు. నా లెక్కలో మాత్రం అమెరికా డెలివరీ డ్రైవర్ల చరిత్రను నడిపించింది ఈ రెండోదే. గంటకు డాలరు పెంచి, కింద కొత్త తరగతి ఒకటి తెరిస్తే కంపెనీ నష్టపోదు. ఆ కింది తరగతి ఎంతవరకు పెరగవచ్చో అంకె గీసిపెడితేనే పెంచిన డాలరు నిలుస్తుంది.

ఈ తరగతుల పేచీ మోటారు బళ్ల కంటే పాతది. యూపీఎస్ కార్మికుల యూనియన్ పేరు టీమ్‌స్టర్స్; టీమ్‌స్టర్ అంటే గుర్రాల జతను తోలేవాడు. 1890ల చివర పుట్టిన బండి తోలేవాళ్ల యూనియన్‌లో ఎక్కువ బళ్లున్న పెద్ద యజమానులకు కూడా సభ్యత్వం ఉండేది. కూలికి తోలేవాడు, వాడికి కూలిచ్చేవాడు ఒకే సంఘంలో! చికాగో వాళ్లు ఇది కుదరదని విడిపోయి వేరే సంఘం పెట్టుకున్నారు. కూలికి తోలేవాళ్లు, వాళ్ల సహాయకులు, సొంతంగా ఒక్క జత గుర్రాలున్నవాళ్లు మాత్రమే అందులో ఉండొచ్చు. అంతకు మించి ఉంటే యజమానే. 1903లో నయాగరా ఫాల్స్‌లో రెండు సంఘాలూ కలిసి నేటి టీమ్‌స్టర్స్ యూనియన్ అయ్యాయి. ఎవడు మనవాడు, ఎవడు కాదు అన్న ప్రశ్నకు అంకెతో జవాబు చెప్పడం అక్కడే మొదలైంది.

నాలుగేళ్లకు, 1907లో, సియాటిల్‌లో పంతొమ్మిదేళ్ల జిమ్ కేసీ వంద డాలర్లు అప్పు చేసి, స్నేహితుడు క్లాడ్ రయన్‌తో కలిసి వార్తాహరుల కంపెనీ పెట్టాడు. 1919లో ఓక్లాండ్‌కు విస్తరించినప్పుడు దానికి యునైటెడ్ పార్శిల్ సర్వీస్ అన్న పేరొచ్చింది. కేసీ యూనియన్‌తో తగవు పెట్టుకునే రకం కాదు. తొలి దశాబ్దాల్లోనే డ్రైవర్లు టీమ్‌స్టర్స్‌లో చేరినా అడ్డుపడలేదు. డిపార్ట్‌మెంట్ స్టోర్ల సరుకులు ఇళ్లకు చేర్చే ఆ రోజుల్లో తరగతుల గొడవ పెద్దగా లేదు. స్టోర్ల సరుకు దాటి, ఊరి నుంచి ఊరికి పార్శిళ్లు మోసే వ్యాపారంలోకి దిగాకే అసలు చిక్కు వచ్చింది.

ఆ వ్యాపారంలో పని రోజంతా సమంగా ఉండదు. తెల్లవారుజామున లారీల నుంచి దించిన పెట్టెలను మూడు నాలుగు గంటల్లో వీధుల వారీగా విడదీసి డెలివరీ బళ్లలోకి ఎక్కించాలి. సాయంత్రం బళ్లు తిరిగొచ్చాక మళ్లీ అదే హడావిడి. మధ్యలో గోదాము ఖాళీ. ఎనిమిది గంటల కార్మికుడిని పెట్టుకుంటే సగం పొద్దు ఊరికే కూర్చోబెట్టి జీతమివ్వాలని కంపెనీ వాదన. 1962లో జిమ్మీ హోఫా నాయకత్వంలోని యూనియన్ దానికి ఒప్పుకుని, పార్ట్‌టైమ్ కార్మికులకు తలుపు తెరిచింది. హోఫా పేరు చెబితే మాఫియా, 1975లో అతను మాయమైపోవడం గుర్తొస్తాయి. కార్మికుల రోజువారీ బతుకు మీద అతను వదిలిపోయిన ముద్రల్లో ఈ ఒప్పుకోలు ముఖ్యమైనది.

అప్పటికి అది ప్రమాదంగా కనిపించకపోవడానికి కారణం ఉంది. గంటలు తక్కువైనా గంట కూలి ఫుల్‌టైమ్ వాళ్లతో సమానం. అయినా గోదాములో ఫుల్‌టైమ్ మనిషి రిటైరైతే ఆ స్థానంలోకి ఇద్దరు పార్ట్‌టైమ్ వాళ్లు రావడం మొదలైంది. 1976లో తూర్పు రాష్ట్రాల కార్మికులు దాదాపు మూడు నెలలు సమ్మె కట్టింది ప్రధానంగా దీని మీదే. ఆ తర్వాత 1982 ఒప్పందం అసలు దెబ్బ కొట్టింది. కొత్తగా చేరే పార్ట్‌టైమ్ కార్మికుడి కూలి గంటకు 8 డాలర్లకు దించేశారు. దించడం ఒక ఎత్తు, పదిహేనేళ్ల పాటు దాన్ని అక్కడే ఉంచడం ఇంకో ఎత్తు. ధరలు పెరిగాయి, డ్రైవర్ల జీతాలు పెరిగాయి, 8 డాలర్లు మాత్రం కదల్లేదు. ఆ ఒప్పందాన్ని ఆమోదించిన సభ్యుల్లో ఎవరి జీతమూ తగ్గలేదన్నది గమనించాలి. తగ్గింది ఇంకా ఉద్యోగంలో చేరనివాళ్లది. వాళ్లకు ఓటు లేదు. తరగతుల ఒప్పందాలన్నీ ఇలాగే నెగ్గుతాయి.

ఆరుకు ఒకటి లాంటి లెక్కల విలువ ఈ నేపథ్యంలోనే అర్థమవుతుంది. తెల్లవారుజామున మూడింటికో నాలుగింటికో లేచి, వేసవిలో కొలిమిలాంటి ట్రెయిలర్‌లో పెట్టెలెత్తి, ఉదయం తొమ్మిదికి ఇంటికెళ్లి, ఇంకో ఉద్యోగం చూసుకునే మనిషి అక్కడ ఎందుకు ఉంటాడు? ఒకటి ఆరోగ్య బీమా. పార్ట్‌టైమ్ వాళ్లకు కూడా మంచి బీమా ఉండటం అమెరికాలో అరుదు. రెండోది డ్రైవరు సీటు మీద ఆశ. సీనియారిటీ పట్టికలో తన పేరు మీదికి జరుగుతూ ఉంటుంది. ఖాళీ వచ్చినప్పుడు నోటీసు బోర్డు మీద కాగితం పెడతారు, ఆసక్తి ఉన్నవాళ్లు సంతకం చేస్తారు, సీనియారిటీ ప్రకారం పిలుస్తారు. డ్రైవింగ్ శిక్షణ, ఆ తర్వాత ప్రొబేషన్. నెగ్గలేకపోతే మళ్లీ గోదాములోకే. ఆరుగురు అలా వెళ్లాక ఏడో సీటు బయటివాడికి. బయటి నుంచి వచ్చినవాడిని అక్కడ 'ఆఫ్ ది స్ట్రీట్' అంటారు. ఏళ్ల తరబడి కాచుకున్న లోడరు కళ్ల ముందే అతను వారం పది రోజుల్లో స్టీరింగ్ పట్టుకుంటాడు. అందుకే ఏడోవాడు నిజంగా ఏడోవాడేనా, అయిదోవాడా అని యూనియన్ స్టీవార్డులు కాగితాలు ముందేసుకుని లెక్కపెడుతుంటారు. తేడా వస్తే ఫిర్యాదు దాఖలు చేస్తారు. లోపల సంతకం చేసేవాడు లేకపోతే మాత్రం కంపెనీ బయటికి వెళ్లొచ్చు. అందుకని కాగితం ఎన్ని రోజులు బోర్డు మీద ఉంది, రాత్రి షిఫ్టు వాళ్లు చూశారా లేదా అన్నవి కూడా తగాదాలవుతాయి.

పైకి ఇది యూనియన్ గెలిచి తెచ్చుకున్న నిబంధన. నిజానికి కంపెనీకి కూడా ఇది లాభసాటి బేరం. రేపు దొరకబోయే సీటు మీద ఆశ లేకపోతే ఇవాళ ఆ కూలికి ఆ బరువులెత్తే మనిషి దొరకడు. ఆరుకు ఒకటి అన్నది కంపెనీ ఇస్తున్న జీతంలో ఖర్చు లేని భాగం.

1997కు వద్దాం. అప్పటికి యూనియన్ అధ్యక్షుడు రాన్ కేరీ. న్యూయార్క్ క్వీన్స్‌లో యూపీఎస్ బండి తోలినవాడు. కేంద్ర ప్రభుత్వ న్యాయశాఖ యూనియన్ మీద వేసిన అవినీతి కేసు రాజీ ఫలితంగా సభ్యులు నేరుగా ఓటేసే హక్కు వచ్చాక, 1991లో ఆ ఓటుతో గెలిచాడు. కంపెనీలో అప్పటికి పార్ట్‌టైమ్ వాళ్లే ఎక్కువ. 1993 తర్వాత పుట్టిన ఉద్యోగాల్లో అయిదింట నాలుగుకు పైగా పార్ట్‌టైమే. డ్రైవరు గంటకు 20 డాలర్లు తీసుకుంటుంటే కొత్త లోడరు ఇంకా 8 డాలర్ల దగ్గరే. ఆగస్టు 4న 1,85,000 మంది పని ఆపారు. పదిహేను రోజులు. పెట్టెలు ఆగిపోయి ఇబ్బంది పడుతున్న జనమే అభిప్రాయ సేకరణల్లో సగానికి పైగా కార్మికుల పక్షాన నిలిచారు. ఇంట్లో ఎవరో ఒకరు సగం ఉద్యోగంతో నెట్టుకొస్తున్న కాలం కదా!

ఆ సమ్మె తెచ్చిన ఫలం 10,000 కొత్త ఫుల్‌టైమ్ ఉద్యోగాలు. ఉదయపు సగం ఉద్యోగాన్ని, సాయంత్రపు సగం ఉద్యోగాన్ని కలిపి ఒక పూర్తి ఉద్యోగం చేయడం, ఏడాదికి రెండు వేల చొప్పున. ఒప్పందంలోని ఆర్టికల్ 22, సెక్షన్ 3 కింద వచ్చాయి గనుక కార్మికులు వాటిని నేటికీ 22.3 ఉద్యోగాలనే అంటారు. ఇక్కడ నిష్పత్తి స్థానంలో స్థిరమైన సంఖ్య పెట్టారు. సంఖ్య గొప్పగా వినిపిస్తుంది, సభలో చప్పట్లు కొట్టిస్తుంది. అమలులో దాని ఇబ్బంది దానికుంది. సమ్మె వల్ల సరుకు తగ్గిందంటూ కంపెనీ మొదటి ఏడాది రెండు వేల ఉద్యోగాలే ఇవ్వనంది. 2000లో మధ్యవర్తి తీర్పుతో గానీ దారికి రాలేదు. కేరీ అప్పటికే పదవిలో లేడు. ఎన్నికల నిధుల కుంభకోణంలో ఎన్నిక రద్దయి, యూనియన్ నుంచి బహిష్కరణకు గురయ్యాడు. అబద్ధపు సాక్ష్యం కేసులో 2001లో కోర్టు నిర్దోషి అన్నా తిరిగి రానివ్వలేదు. 1998 చివర గెలిచి కుర్చీలోకి వచ్చింది హోఫా కొడుకు జేమ్స్ పి. హోఫా. 2002 ఒప్పందంలో మరో పది వేల 22.3 ఉద్యోగాలు రాసుకున్నారు.

ఆ తర్వాతి పదిహేనేళ్లు చప్పగా సాగాయి. ఒక్క మార్పు చెప్పుకోవాలి. కొత్త డ్రైవరు పూర్తి స్కేలు అందుకోవడానికి పట్టే కాలం ఒప్పందం వెంట ఒప్పందం సాగి, నాలుగేళ్లకు చేరింది. ఇది కూడా తరగతే. పక్కపక్కనే నిలబడే రెండు తరగతుల బదులు, ఒకే మనిషి ఒకదాన్ని దాటి మరోదానికి వెళ్తాడు కాబట్టి కంటికి అంతగా ఆనదు.

2018లో మాత్రం కంటికి కొట్టొచ్చినట్టే తెచ్చారు. అమెజాన్ పుణ్యమా అని శని, ఆదివారాల్లో కూడా ఇంటికి పెట్టె రావాల్సిన రోజులొచ్చాయి. సోమవారం నుంచి శుక్రవారం దాకా పనిచేసే రెగ్యులర్ డ్రైవర్లను వారాంతం పిలిస్తే ఓవర్‌టైమ్. అందుకని ఆర్టికల్ 22కు సెక్షన్ 4 చేర్చి కొత్తరకం డ్రైవర్లను సృష్టించారు. కొంతసేపు బండి, కొంతసేపు గోదాము పని అని కాగితం మీద ఉంది. చాలామంది చేసింది రోజంతా బండి తోలడమే. అదే బండి, అవే వీధులు, అవే పెట్టెలు, పూర్తి స్కేలుకు చేరాక కూడా గంటకు అయిదారు డాలర్ల పైనే తక్కువ. రోజుకు తొమ్మిదిన్నర గంటలు దాటకుండా కాపాడే రక్షణ రెగ్యులర్ డ్రైవర్లకే, వీళ్లకు లేదు. పాత డ్రైవర్ల మీద పడుతున్న బలవంతపు ఓవర్‌టైమ్ తగ్గుతుందని హోఫా నాయకత్వం సమర్థించుకుంది. వీళ్ల సంఖ్య డ్రైవర్లలో నూటికి 25 దాటకూడదని పరిమితి గీసింది.

ఈ 25కూ ఆ ఆరుకూ తేడా చూడాలి. ఆరుకు ఒకటి పైకి పోయే దారిని తెరిచి ఉంచుతుంది. నూటికి 25 కింది తరగతి ఉబ్బకుండా మూత వేస్తుంది. మూత వేశామంటే పాత్ర ఉందని ఒప్పుకున్నట్టే. పరిమితి ఎంత చిన్నదైనా, ఒకే పనికి రెండు ధరలన్న సూత్రానికి యూనియన్ సంతకం పడింది. వచ్చే ఒప్పందంలో 25ను 35 చేయమని అడగడం కంపెనీకి ఎంత పని? పాత డ్రైవర్లకు ఈ భయం బాగా అర్థమైంది. తమ జీతానికి ఢోకా లేకపోయినా చాలామంది వ్యతిరేకంగా ఓటేశారు. 1982లో కనిపించని తెలివి ఇది.

ఓట్లు లెక్కిస్తే నూటికి 54 వద్దన్నవే. మామూలుగా ఐతే ఒప్పందం అక్కడితో పోయినట్టే. కానీ యూనియన్ నియమావళిలో ఒక పాత మెలిక ఉంది. సభ్యుల్లో సగం మంది కూడా ఓటేయకపోతే, తిరస్కరించడానికి మూడింట రెండు వంతుల వ్యతిరేక ఓట్లు కావాలి. ఓటేసినవాళ్లు నూటికి 44. నాయకత్వం ఆ మెలికను పట్టుకుని ఒప్పందం నెగ్గిందని ప్రకటించింది. హోఫా వంశం చేతిలోంచి యూనియన్ జారిపోవడానికి ఇంతకంటే పెద్ద కారణం నాకు కనిపించదు. 2021 మహాసభ ఆ నియమాన్ని ఎత్తేసింది. అదే ఏడాది నవంబరు యూనియన్ ఎన్నికల్లో, 22.4 తరగతిని రద్దు చేస్తామన్న షాన్ ఓబ్రయన్ జట్టు భారీగా గెలిచింది. 2023లో 3,40,000 మంది తరఫున బేరానికి కూర్చున్నప్పుడు జులై మొదట్లోనే ఆ రద్దు ఖాయమైంది. ఓబ్రయన్ సమ్మె కత్తి ఊపింది ప్రధానంగా పార్ట్‌టైమ్ కూలి కోసం. ఆగస్టు 22న నూటికి 86 మంది ఆమోదించారు. 22.4 డ్రైవర్లంతా రెగ్యులర్ డ్రైవర్లయ్యారు, పార్ట్‌టైమ్ ఆరంభ కూలి 21 డాలర్లయింది, 7,500 కొత్త ఫుల్‌టైమ్ ఉద్యోగాలు, 22,500 ఖాళీల భర్తీ కాగితం మీదికి వచ్చాయి. నాలుగేళ్ల స్కేలు మాత్రం అలాగే ఉంది.

ఉత్తరాలు పంచేవాళ్ల కథ దీనికి సమాంతరంగా నడిచింది. 1970 మార్చిలో న్యూయార్క్‌లో మొదలైన తపాలా సమ్మెను తట్టుకోలేక అధ్యక్షుడు నిక్సన్ సైన్యాన్ని దింపాడు. ఆ తర్వాతే వాళ్లకు జీతాల మీద బేరమాడే హక్కు దక్కింది. పెద్ద పోస్టాఫీసుల్లో నూటికి 88 మంది ఫుల్‌టైమ్ ఉండాలన్న నిబంధన ఆ బేరాల్లోంచి వచ్చిందే. 2013 జనవరిలో శ్యామ్ దాస్ అధ్యక్షతన మధ్యవర్తుల బోర్డు ఇచ్చిన తీర్పు సిటీ క్యారియర్ అసిస్టెంట్ అనే కొత్త తరగతిని తెచ్చింది. సంచీ అదే, వీధి అదే, జీతం తక్కువ, పర్మనెంట్ కాదు. వీళ్ల సంఖ్య ప్రతి జిల్లాలో ఫుల్‌టైమ్ క్యారియర్లలో నూటికి 15, దేశం మొత్తం మీద అదనంగా 8,000 వరకు. తపాలా యూనియన్ అసలు పని ఆ తర్వాత చేసింది. రెండేళ్లు పనిచేసినవాడు దానంతటదే పర్మనెంట్ అయ్యే నిబంధనను 2021లో ఆమోదం పొందిన ఒప్పందంలో చేర్చింది. ఎంతమంది అన్న పరిమితికి ఎంతకాలం అన్న పరిమితి తోడైంది. నా మటుకు నాకు రెండోదే గట్టిది. నూటికి 15 అన్న అంకె ఎప్పటికీ అదే మనుషులతో నిండి ఉండొచ్చు, 24 నెలలు మాత్రం ఎవరినీ అక్కడే ఉంచదు.

మన దగ్గర ఇలాంటి అంకె వినిపించిన సందర్భం ఒకటుంది. 2019 అక్టోబరులో తెలంగాణ ఆర్టీసీ సమ్మె మొదలైన మూడో రోజే అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ లెక్క చెప్పారు: సగం బస్సులు సంస్థవి, 30 శాతం అద్దెవి, 20 శాతం పూర్తిగా ప్రైవేటువి. అద్దె బస్సు డ్రైవరు యజమాని మనిషి, ఆర్టీసీ స్కేలు అతనికి వర్తించదు. కాబట్టి అది బస్సుల నిష్పత్తిగా వినిపించినా డ్రైవర్ల తరగతుల నిష్పత్తే. తేడా ఏమిటంటే ఆ అంకె బేరంలోంచి రాలేదు, ప్రెస్‌మీట్‌లోంచి వచ్చింది. 52 రోజుల తర్వాత కార్మికులు సమ్మె విరమించి డిపోలకు తిరిగొచ్చినప్పుడు ఆ అంకె మీద వాళ్ల సంతకం ఎక్కడా లేదు. మన తపాలా శాఖలో పోస్ట్‌మ్యాన్ ఖాళీల్లో గ్రామీణ డాక్ సేవకులకు వాటా ఉండటం ఆరుకు ఒకటి తీరుకు దగ్గరే గానీ, అదీ శాఖ రాసుకున్న నియామక నిబంధనే.

ఇక నిష్పత్తి అన్న మాటకే తావు లేని చోట్లు పెరిగిపోయాయి. ఫెడెక్స్ గ్రౌండ్ బళ్లు కాంట్రాక్టర్లవి. అమెజాన్ 2018 నుంచి చిన్న చిన్న డెలివరీ కంపెనీలను పుట్టించి, తన రంగు బళ్లు, తన చొక్కాలు వాళ్లకిచ్చి, డ్రైవరు మాత్రం తనవాడు కాదంటోంది. హైదరాబాద్‌లో బైక్ మీద తిరిగే యాప్ కుర్రాడి పరిస్థితి కూడా ఇదే. ఆరుగురు లోపలివాళ్లకు ఒక బయటివాడు అనడానికి అక్కడ లోపల అనేదే లేదు. ఇలాంటి చౌక పోటీని చూపించే యూపీఎస్ ప్రతి బేరంలోనూ తన కింది తరగతిని సమర్థించుకుంటుంది.

యూపీఎస్‌లో ఆరుకు ఒకటి ఇప్పటికీ ఉంది. ఒప్పందంలో అక్షరం కూడా మారలేదు. 2025 జనవరిలో కంపెనీ అమెజాన్ సరుకును 2026 నడిమికల్లా సగానికి పైగా తగ్గించుకుంటానంది. అప్పటికి అమెజాన్ దాని అతి పెద్ద ఖాతాదారు. ఏప్రిల్‌లో 20,000 ఉద్యోగాల కోత, 73 భవనాల మూసివేత ప్రకటించింది. వేసవిలో డ్రైవర్లకు డబ్బిచ్చి స్వచ్ఛందంగా సాగనంపే పథకం పెట్టింది, కంపెనీ చరిత్రలోనే మొదటిసారి. ఆ ఏడాది అక్టోబరుకు కోత లెక్క క్షేత్రస్థాయిలో 34,000, పైస్థాయిలో 14,000 అని తేలింది. డ్రైవరు వెళ్లిపోయిన సీటును ఖాళీగా ప్రకటిస్తేనే ఆరుగురి వరస కదులుతుంది. రూటునే రద్దు చేసి పక్క రూట్లలో కలిపేస్తే బోర్డు మీద కాగితమే పడదు, పడని కాగితం మీద ఫిర్యాదు రాయడం స్టీవార్డుకు చేతకాదు. నియామకాలు ఉన్నప్పుడు ఎవరిని తీసుకోవాలో చెప్పే అంకెలు ఒప్పందంలో చాలా ఉన్నాయి. ఎన్ని రూట్లు ఉండాలో చెప్పే అంకె ఒక్కటీ లేదు. ఈ ఒప్పందం గడువు 2028 జులై 31 వరకు.